షేరుకో ఓటు, మనిషికో ఓటు

మాది అశోక్ నగర్. ఈ ముక్క చెప్పగానే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "అయితే మీరూ గ్రూప్స్ రాశారా మేడమ్?" అని అడుగుతారు. లేదు బాబూ. మా నాన్న ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు ఇది గుమాస్తాలు, లెక్చరర్లు ఉండే పేట. సాయంత్రమైతే త్యాగరాయ గానసభకో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకో నడిచి వెళ్లే జనం. ఇప్పుడు మా సందు మొదట్నుంచి చివరిదాకా హాస్టల్ బోర్డులు, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపులు తీయకముందే బయట పిల్లలు టిఫిన్ డబ్బాలతో సహా సిద్ధంగా ఉంటారు.

అందరిలాగే మేమూ పై గది అద్దెకిచ్చాం. ఇద్దరమ్మాయిలు. అందులో ఒకమ్మాయి మన జాతే, అంటే సాఫ్ట్‌వేర్ అన్నమాట. గచ్చిబౌలిలో టెస్టింగ్ చేస్తూ, 2022 ఏప్రిల్‌లో గ్రూప్-1 నోటిఫికేషన్ పడగానే రిజైన్ చేసి వచ్చేసింది. 503 పోస్టులు, తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1. తర్వాతి కథ మీకు తెలిసిందే. ప్రిలిమ్స్ ఒకసారి రాస్తే పేపర్ లీకై రద్దు, రెండోసారి రాస్తే హైకోర్టులో రద్దు, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటికి.

నేను ఊరుకోకుండా ఆ పిల్లకి అప్పట్లో క్లాసు పీకాను. "నీ వయసులో నెలనెలా పడే జీతం వదులుకునేవాళ్లని నేను చూళ్లేదు. నాయకత్వం కావాలంటే కంపెనీలోనే పైకి రావచ్చు, ఇంద్రా నూయీ గ్రూప్-1 రాసిందా?" అన్నాను. ఇంద్రా నూయీ పేరు పడేస్తే వాదన గెలిచినట్టే అని మన ఐటీ వాళ్లకి ఒక నమ్మకం కదా :) ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

మొన్న 2024 సెప్టెంబరులో, మెయిన్స్‌కి నెల రోజులుందనగా, ఆ అమ్మాయి ఒక వ్యాసం రాసుకొచ్చి నా చేతిలో పెట్టింది. జనరల్ ఎస్సే పేపర్‌కి ప్రాక్టీసు. విషయం: కార్పొరేట్ నాయకత్వం నుంచి రాజకీయాల దాకా మహిళలు. "మీరు ఆ ఫీల్డ్ల ఉన్నరు కదా అక్కా, తప్పులుంటే జర చూడున్రి" అంది. రెండో పేజీలోనే పట్టేశాను. "తెలుగు ఆడబిడ్డ పద్మశ్రీ వారియర్ ఒబామా ప్రభుత్వంలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్‌గా పనిచేశారు" అని ఉంది. ఏదో జిరాక్స్ మెటీరియల్‌లోంచి దిగుమతి. అది తప్పు. ఆవిడ ఎప్పుడూ ప్రభుత్వంలో ఆ పని చేయలేదు.

ఈ తప్పు ఎలా పుట్టిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే పుట్టినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పద్మశ్రీ వారియర్ పుట్టింది విజయవాడలో, ఇంటిపేరు యెల్లేపెద్ది. మారిస్ స్టెల్లాలో చదివి, ఐఐటీ ఢిల్లీలో కెమికల్ ఇంజినీరింగ్ చేసి, కార్నెల్‌కి వెళ్లి, 1984లో మోటరోలాలో చేరారు. అక్కడే ఇరవై మూడేళ్లు. 2003లో మోటరోలా సీటీవో, 2007 చివర్లో సిస్కోకి వెళ్లి అక్కడా సీటీవో. ఆ రోజుల్లో మన ఆఫీసుల్లో రౌటర్లన్నీ సిస్కోవే, చేతుల్లో ఫోన్లు సగం మోటరోలావి. మేం నలుగురు ఆడపిల్లలం ఒక క్యూబికల్ దగ్గర నిలబడి ఆవిడ ఫొటో చూసుకున్న రోజు గుర్తుంది. ఐటీలో పైకి వెళ్లిన ఆడవాళ్లంటే అప్పటికి మాకు హెచ్చార్‌లోనే కనిపించేవారు. ఈవిడ టెక్నాలజీకే పైన కూర్చుంది. అది చిన్న విషయం కాదు.

2008లో ఒబామా గెలిచాడు. దేశానికి ఒక సీటీవోని పెడతానని ప్రచారంలో మాటిచ్చాడు. 2009 జనవరికి పత్రికల్లో రెండు పేర్లు మిగిలాయని వచ్చింది: వివేక్ కుంద్రా, పద్మశ్రీ వారియర్. ఇహ చూడండి మనవాళ్ల సంబరం! ఇన్‌బాక్స్ నిండా ఫార్వర్డులు. కొన్ని మెయిళ్లలో అప్పటికే ఆవిడ ప్రమాణ స్వీకారం కూడా అయిపోయింది. తీరా చూస్తే మార్చిలో కుంద్రా ఫెడరల్ సీఐవో అయ్యాడు, ఏప్రిల్‌లో అనీశ్ చోప్రా సీటీవో అయ్యాడు. ఆవిడ సిస్కోలోనే ఉండి 2015దాకా పనిచేశారు. తర్వాత ఎలక్ట్రిక్ కార్ల నియో కంపెనీకి అమెరికాలో సీఈవో, ఆ తర్వాత పుస్తకాలు చదివేవాళ్ల కోసం ఫేబుల్ అని సొంత కంపెనీ. పదవి రాలేదన్న మెయిలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. పదిహేనేళ్లకి ఆ ఫార్వర్డ్ మెయిలే మా పై గదిలో స్టడీ మెటీరియల్ అయి తేలింది.

"మరి ఆమెకెందుకియ్యలేదు అక్కా?" అంది.

ఎందుకు ఇవ్వలేదో వాళ్లకే తెలియాలి, నేను కల్పించి చెప్పలేను. కానీ ఎవరికిచ్చారో చూస్తే ఒకటి కనిపిస్తుంది. కుంద్రా అప్పటికి వాషింగ్టన్ నగర ప్రభుత్వానికి సీటీవో. చోప్రా వర్జీనియా రాష్ట్రానికి టెక్నాలజీ సెక్రటరీ. ఇద్దరూ ఆ గుమ్మం లోపల ఉన్నవాళ్లే. టెండరు, బడ్జెటు, చట్టసభ వాళ్ల చీవాట్లు... ఈ రుచి ఎరిగినవాళ్లు. (న్యాయంగా ఇంకో సంగతీ చెప్పాలి. 2014లో గూగుల్ నుంచి మేగన్ స్మిత్ వచ్చి అమెరికాకి మొదటి మహిళా సీటీవో అయింది. కాబట్టి కంపెనీవాళ్లకి తలుపు మూసేశారని అనలేం.) కాకపోతే ఈ పదవులన్నీ ఒకళ్లు పిలిచి ఇచ్చేవి. ఓటు అడిగి తెచ్చుకునేవి కావు. అసలు తేడా అక్కడుంది, అది నాకు ఆ పిల్లతో మాట్లాడుతుంటేనే తట్టింది.

మన ఐటీ జనానికి ఒక కల ఉంది. "దేశాన్ని ఒక మంచి సీఈవో చేతిలో పెడితే ఐదేళ్లలో బాగైపోతుంది." క్యాంటీన్‌లో ఈ మాట వినని వారం లేదు. ఈ కలకి మన రాష్ట్రంలోనే ట్రయల్ రన్ కూడా జరిగింది. చంద్రబాబు నాయుడు తనని తాను రాష్ట్రానికి సీఈవో అని చెప్పుకున్న రోజులు, ల్యాప్‌టాప్ ప్రెజెంటేషన్లు, హైటెక్ సిటీ. మనలో చాలామందికి అన్నం పెట్టిన రోజులే అవి, కాదనను. 2004లో ఓట్ల లెక్క తేలేసరికి 294కి 47 సీట్లు. ఆ రోజు మా ఆఫీసులో చావు కబురు విన్నట్టు కూర్చున్నారు. "జనానికి అర్థం కాలేదు" అన్నారు. కరువు పల్లెల్లో నాలుగైదేళ్లుగా ఏం జరుగుతోందో మాకు అర్థం కాలేదన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

సీఈవో నుంచి రాజకీయానికి వెళ్లిన ఆడవాళ్ల కథ చెప్పాలంటే మాత్రం కార్లీ ఫియోరీనా దగ్గరికే వెళ్లాలి. ఆ పిల్ల వ్యాసంలో ఈవిడ పేరే లేదు. ఇప్పటి పిల్లలకి హెచ్‌పీ అంటే ప్రింటరు. మాకు హెచ్‌పీ అంటే కార్లీ.

స్టాన్‌ఫర్డ్‌లో మధ్యయుగాల చరిత్ర, ఫిలాసఫీ చదివింది. లా కాలేజీలో చేరి మానేసింది. రిసెప్షనిస్టుగా పనిచేసింది. 1980లో ఏటీ అండ్ టీలో అమ్మకాల వైపు చేరి, లూసెంట్‌లో పెద్దదై, 1999 జూలైలో హెచ్‌పీ సీఈవో అయింది. అంత పెద్ద అమెరికన్ కంపెనీకి ఆడమనిషి సీఈవో కావడం అదే మొదలు. ఇంజినీర్ల కంపెనీ, పైగా గరాజ్‌లో పుట్టిందని చెప్పుకునే కంపెనీ, అందులోకి ఇంజినీరు కాని ఆడమనిషి బయటి నుంచి వచ్చి పైన కూర్చుంది. ఎంతమందికి నచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి.

2001 సెప్టెంబరులో కాంపాక్‌ని కొంటామని ప్రకటించింది. వ్యవస్థాపకుడి కొడుకు వాల్టర్ హ్యూలెట్ బోర్డులో ఉండి మరీ ఎదురు తిరిగాడు. నెలల తరబడి యుద్ధం. పేపర్లలో ప్రకటనలు, షేర్‌హోల్డర్లకి ఉత్తరాలు, ఫోన్లు. అచ్చం ఎన్నికల ప్రచారమే. 2002 మార్చిలో ఓటింగ్ జరిగితే మూడు శాతం కన్నా తక్కువ తేడాతో ఆవిడే గెలిచింది. ఆ మెర్జర్ తప్పా ఒప్పా అన్నది ఇప్పటికీ ఇద్దరు పాత హెచ్‌పీ వాళ్లని ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే తెగదు. పీసీల్లో డెల్‌ని దాటడం మాత్రం 2006 చివరికల్లా జరిగింది. అప్పటికి ఆవిడ లేదు. 2005 ఫిబ్రవరిలో బోర్డు తీసేసింది. ఆ రోజు కంపెనీ షేరు పెరిగింది. సుమారు 2.1 కోట్ల డాలర్లు చేతిలో పెట్టి పంపారు.

ఆమె తర్వాత వచ్చిన మార్క్ హర్డ్ అదే ఏడాది జూలైలో 14,500 ఉద్యోగాలు తీసేస్తున్నానన్నాడు. ఆయన్ని "ఆపరేషన్స్ తెలిసిన మనిషి" అన్నారు. ఈవిడ చేస్తే గుండె లేని మనిషి, ఆయన చేస్తే క్రమశిక్షణ! 2015లో ట్రంప్ ఆవిడ ముఖం చూసి ఓటెవరేస్తారన్నట్టు మాట్లాడాడు. ఆయన ఏమన్నాడో దేశంలో ఆడవాళ్లందరికీ స్పష్టంగా వినపడిందని ఆవిడ డిబేట్‌లో నిలబడి ఒక్క వాక్యంలో జవాబు చెప్పింది. ఆ ఒక్క వాక్యానికి ఆవిడంటే నాకు గౌరవం. ఆడమనిషి కావడం వల్ల ఎక్కువ దెబ్బలు తిన్నది నిజం.

కానీ ఓడిపోయింది అందువల్లనే అని నేను ఒప్పుకోను.

2010లో కాలిఫోర్నియా నుంచి సెనేట్‌కి పోటీ చేసింది. అంతకు ముందు ఏడాదే క్యాన్సర్ వైద్యం చేయించుకుని లేచిన మనిషి, ఆ పట్టుదలకి దండం పెట్టాలి. పార్టీలో ప్రైమరీ గెలిచింది. అసలు ఎన్నికలో ఎదుట ఉన్నది కూడా ఆడమనిషే, బార్బరా బాక్సర్. బాక్సర్ ప్రచారం చేసిన పని చాలా తేలిక. హెచ్‌పీలో పోయిన 30,000 ఉద్యోగాల లెక్క తీసి టీవీలో పెట్టింది. కార్లీ దగ్గర జవాబు ఉంది, డాట్‌కామ్ కూలిపోయిన రోజులు, కంపెనీ నిలబడాలంటే తప్పలేదు అని. బోర్డు మీటింగులో అది మంచి జవాబే. టీవీ ముందు కూర్చున్న, ఉద్యోగం పోయిన మనిషికి అది జవాబు కాదు. పది శాతం తేడాతో ఓడిపోయింది. 2015లో అధ్యక్ష పదవికి దిగి, చిన్న డిబేట్‌లో అదరగొట్టి పెద్ద డిబేట్ దాకా వచ్చి, 2016 ఫిబ్రవరిలో తప్పుకుంది. ఏప్రిల్ చివర్లో టెడ్ క్రూజ్ ఆవిడని ఉపాధ్యక్ష అభ్యర్థి అన్నాడు. ఆరు రోజులకి ఆయనే తప్పుకున్నాడు.

అంటే ఆవిడ గట్టి పోటీ మీద గెలిచిన ఓటింగుల్లో అన్నిటికన్నా పెద్దది హెచ్‌పీ-కాంపాక్‌దే. అక్కడ షేరుకో ఓటు. కోటి షేర్లున్న ఫండ్ మేనేజర్‌కి కోటి ఓట్లు, పది షేర్లున్న పింఛనుదారుడికి పది. ఏ షేరూ లేని, రేపు ఉద్యోగం పోబోయే మనిషికి సున్నా. కాలిఫోర్నియాలో ఆ సున్నా గాడికీ ఒక ఓటుంది. ఆవిడ తెలివి, మాట, ధైర్యం అన్నీ అవే. ఓటరు లిస్టు మారిపోయింది.

తమాషా ఏమిటంటే ఈ సంగతి ఆవిడకి సగం తెలుసు. 2008లో మెకెయిన్ తరఫున పనిచేస్తున్నప్పుడు, సారా పాలిన్ హెచ్‌పీ లాంటి కంపెనీని నడపగలదా అని రేడియోలో అడిగారు. నడపలేదు, కానీ ఆమె పోటీ చేస్తున్నది ఆ ఉద్యోగానికి కాదు కదా అంది. సర్దుకోబోయి, మెకెయిన్ కూడా కంపెనీ నడపలేడనేసింది! తర్వాత ఆమెని టీవీల ముందుకి పంపడం తగ్గించేశారు. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కంపెనీ నడపడం వేరు, జనం తరఫున ఉండటం వేరు. అటు నుంచి చూసినప్పుడు తెలిసిన సంగతి, ఇటు నుంచి తన విషయంలో తెలియలేదు.

ఇదంతా నేను చాలా గొప్పగా, కుర్చీలో వెనక్కి వాలి చెబుతున్నాను. ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టి, "మరి మీరెప్పుడైనా తీసేసిన్రా అక్కా ఎవరినన్న?" అంది.

తీసేశాను. 2009లో, మాంద్యం రోజుల్లో. ఏ కంపెనీ అన్నది అనవసరం, అప్పుడు అందరూ చేసిన పనే. నాకో ఎక్సెల్ షీట్ పంపారు. నా కింద ఉన్నవాళ్ల పేర్లు, ఎంప్లాయీ ఐడీలు, చివర్లో "కారణం" అని ఒక కాలమ్, అందులో నాలుగు కారణాల డ్రాప్‌డౌన్. శుక్రవారం సాయంత్రంకల్లా పందొమ్మిది పేర్లు తేల్చమన్నారు. తేల్చాను. కొందరికి నేను ఎంచిన కారణం నిజం, కొందరికి కాదు, లిస్టులో పందొమ్మిది కావాలి కాబట్టి ఎంచాను. సోమవారం వాళ్లని ఒక్కొక్కరినే పిలిచి హెచ్చార్ చెప్పింది, నేను ఆ గదిలో లేను. ఒక్కరు కూడా నా దగ్గరికి వచ్చి ఎందుకని అడగలేదు. అడగరు కూడా, రిలీవింగ్ లెటర్ కావాలి కదా. ఆ ఏడాది అప్రైజల్‌లో నాకు "కఠిన నిర్ణయాలు తీసుకోగల నాయకురాలు" అని రాశారు. నేను ఆ వాక్యాన్ని రెజ్యూమెలో కూడా వాడుకున్నాను.

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "ఆ పందొమ్మిది మందికి ఓటుంటే మీరు ఆ సీట్ల ఉండేటోళ్లా అక్కా?"

ఇది వెటకారం కాదు. నిజంగానే అడిగింది, వ్యాసంలో పనికొస్తుందేమోనని.

ఇక్కడే మన దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పాలి. గల్లా అరుణ కుమారి. అమెరికాలో కొన్నేళ్లుండి తిరిగొచ్చిన మనిషి. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీస్ భర్త రామచంద్ర నాయుడిది, రాజకీయం తండ్రి పాటూరి రాజగోపాల నాయుడిది. అందుకని మనవాళ్లు "ఆమెదేముంది, అటు నాన్న, ఇటు మొగుడు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. ఆ తలుపు ఎలా తెరుచుకుందో నేనూ చూడగలను. కానీ చంద్రగిరి వాళ్లు 1989లో గెలిపించి, 1994లో ఓడించి, మళ్లీ 1999, 2004, 2009లో గెలిపించి, 2014లో పార్టీ మారి వస్తే మళ్లీ ఓడించారు. వైఎస్, రోశయ్య, కిరణ్ కుమార్ రెడ్డి ముగ్గురి ప్రభుత్వాల్లోనూ మంత్రి. తలుపు తండ్రి తీసి ఉండొచ్చు, ఐదేళ్లకోసారి ఊరివాళ్ల ముందు నిలబడి మార్కులు వేయించుకున్నది మాత్రం ఆవిడే. మనలో ఎంతమంది మేనేజర్లం కింది వాళ్ల చేత మార్కులు వేయించుకున్నాం? 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అంటారేమో, దాంట్లో ఎవరూ నిజం రాయరని మీకూ తెలుసు నాకూ తెలుసు.

తలుపు తీసేవాళ్లు లేని దారి కూడా ఒకటుంది, మెల్లగా సాగే దారి. అరుణ మిల్లర్, పుట్టింటి పేరు కాట్రగడ్డ, 1964లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఏడేళ్లప్పుడు అమెరికా వెళ్లింది. సివిల్ ఇంజినీరు. మేరీల్యాండ్‌లో మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు ఉద్యోగం. బడికి వెళ్లే పిల్లలు, నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు రోడ్డు మీద క్షేమంగా ఉండటానికి చేసే పని. సీటీవో కాదు, ఫోర్బ్స్ జాబితా లేదు, ఫార్వర్డ్ మెయిళ్లూ లేవు. 2000లో పౌరసత్వం వచ్చాకే మొదటిసారి ఓటేసింది. 2010లో రాష్ట్ర చట్టసభకి గెలిచింది. 2018లో కాంగ్రెస్ సీటుకి ప్రైమరీలో దిగితే, సొంత డబ్బు ధారాళంగా ఖర్చుపెట్టిన మద్యం దుకాణాల వ్యాపారి డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయింది. 2023 జనవరి 18న అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేసింది. కౌంటీ ఆఫీసులో ఇంజినీరు అంటే, మా వీధిలో గుంత ఎందుకు పూడ్చలేదని ఎవరైనా ఫోన్ చేసి అడగగల మనిషి. పాతికేళ్లు అలా అడిగించుకున్న మనిషికి ఓటడగడం కొత్తగా ఏం ఉంటుంది?

దీన్నిబట్టి కంపెనీల్లో పైకొచ్చిన ఆడవాళ్లు రాజకీయాలకి పనికిరారని నేను అనడం లేదు. రావాలి, ఇంకా చాలామంది రావాలి. 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లు చట్టమయ్యాక ఆ సీట్లలో ఎవరిని నిలబెడతారన్నది చాలా పెద్ద ప్రశ్న, అందరూ కూతుళ్లూ కోడళ్లే అయితే మనకి ఒరిగేదేం లేదు. నేను అంటున్నది, సీఈవోగిరీ రాజకీయానికి అనుభవం కింద లెక్కకి రాదు అని. అది ఇంకో విద్య. అక్కడ నేర్చుకున్నదాంట్లో కొంత మరిచిపోతే గానీ ఇది రాదు. ఎమ్మార్వో ఆఫీసులో పాసుపుస్తకం కోసం నాలుగోసారి వచ్చిన ముసలామె ముందు కూర్చునే ఉద్యోగం, నా ఇరవై ఏళ్ల లీడర్‌షిప్ ట్రైనింగుల కన్నా దానికి దగ్గర. ఆ పిల్ల జీతం వదులుకుని పోటీ పడుతున్నది ఆ ఉద్యోగాల కోసమే. నేను ఇంద్రా నూయీ పేరు చెప్పి చిన్నబుచ్చింది దాన్నే.

రెండు రోజుల తర్వాత వ్యాసం తిరగరాసి తెచ్చింది. పద్మశ్రీ వారియర్ గురించి "పదవికి పేరు వినిపించింది, రాలేదు" అని సరిచేసింది. కార్లీకి ఒక పేజీ. నా సంగతి పేరు లేకుండా రెండు లైన్లలో పెట్టింది, "ఒక మేనేజర్" అని. మా అమ్మ పప్పుచారు గిన్నె ఇచ్చి పంపుతుంటే మెట్ల మీద ఆగి, "ఆ పందొమ్మిది మందిల మళ్లెవరన్న కలిసిన్రా అక్కా?" అంది.

లేదని చెప్పాను.

ఒకాయన ఉన్నాడు. పొద్దున్నే ఇందిరా పార్కుకి వాకింగ్‌కి వస్తాడు, ఇద్దరు పిల్లలు. నన్ను చూస్తే చెయ్యెత్తి నమస్కారం పెడతాడు. అందుకని నేను ఆయన వచ్చే వేళకి వెళ్లడం మానేసి చాలా కాలమైంది.